మొక్కల ముచ్చట్లు: హేమకుండ్ దారిలోని నీలిపువ్వు మన డాబా మీద పూస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నీలిపూల ఊసే ఎక్కువ. బదరీ యాత్రకు వెళ్లి వచ్చినవారు కొందరు, వెళ్లబోయేవారు కొందరు రాశారు. అన్నిటికన్నా శ్రద్ధగా రాసిన ఉత్తరంతో మొదలుపెడుతున్నాను. దానికి జవాబు కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, పోయిన ఏడాది ఆగస్టులో మా అత్తగారితో కలిసి బదరీనాథ్ వెళ్లాం. తిరుగుదారిలో గోవింద్‌ఘాట్ దగ్గర దిగి పూలలోయ, కొండ మీది సిక్కుల తీర్థం హేమకుండ్ కూడా చూశాం. హేమకుండ్ ఎక్కుతుంటే ఒక రాతి పగులులో వేలెడెత్తు కూడా లేని మొక్క కనిపించింది. దాని నిండా ఆకాశం రంగు పూలు, ఒక్కో పువ్వు నడుమ పసుపు చుక్క. మా అత్తగారు అక్కడే కూర్చుండిపోయారు. ఇంటికి వచ్చాక మా అబ్బాయి ఇంటర్నెట్‌లో వెదికి ‘ఫర్గెట్ మి నాట్’ విత్తనాల ప్యాకెట్ తెప్పించాడు. ఈ జూన్‌లో డాబా మీద కుండీల్లో చల్లాం. ఒక్కటీ మొలవలేదు. ఏసీ గదిలో పెడితే వస్తుందా? ముందు ఫ్రిజ్‌లో పెట్టి తరువాత చల్లాలని ఒకరు చెప్పారు, నిజమేనా? లోయలో మా అత్తగారి చీర అంచుకు అంటుకుని వచ్చిన ముళ్లగింజలు కూడా దాచి ఉంచాం. ఫోటో జతచేస్తున్నాను.
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒకటి కాదు, మూడు మొక్కలున్నాయి. రాతి పగులులో చూసింది ఒకటి, ప్యాకెట్‌లో వచ్చింది ఒకటి, చీరకు అంటుకున్నది మరొకటి. మూడూ ఒకే కుటుంబం, బొరాజినేసి. కానీ మూడింటి బతుకూ వేరు.

ముందు ఫోటో సంగతి. చక్కగా తీశారు, దగ్గరికి పోయి తీశారు. అయిదు రేకలు పళ్లెంలా విచ్చుకున్నాయి, నడుమ పసుపు వలయం. ఆకుల మీద తెల్లని నూగు. ఆకులన్నీ ఒకదానినొకటి ఒత్తుకుని రాతిని పట్టుకున్నాయి. ఎత్తయిన కొండల మీది ఎరిట్రిచియం వరుస మొక్కలకు ఇవే గుర్తులు. ఈ వరుసలో పేరు మోసింది యూరప్‌లోని ఆల్ప్స్ కొండల ఎరిట్రిచియం నానమ్. దాన్ని అక్కడివాళ్లు ఆల్ప్స్ రాజు అంటారు. ఆ రాజు ఎత్తు రెండు మూడు అంగుళాలు!

ఇంత పొట్టిగా ఉండడం దానికి లోటు కాదు. నాలుగువేల మీటర్ల ఎత్తున గాలి కోతకు నిలబడాలంటే నేలకు అతుక్కుపోవాలి. కొమ్మలు, ఆకులు గట్టిగా ఒత్తుకుని దిండులా పెరిగితే లోపలికి గాలి చొరబడదు. ఎండ కాసినప్పుడు ఆ దిండు లోపలి వేడి బయటి గాలి కంటే చాలా డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. రాలిన పాత ఆకులు లోపలే కుళ్లి ఎరువవుతాయి. వేరు మాత్రం పగులు వెంబడి లోతుకు దిగుతుంది. పైన కనిపించే మొక్క కంటే కింద ఉన్నదే పొడవు. పెరుగుదల చాలా నెమ్మది, అరచేతిలో పట్టే దిండుకు ఎన్నో ఏళ్ల వయసుంటుంది. మీ అత్తగారు దాని ముందు కూర్చుండిపోయారని చదివి నాకు సంతోషం కలిగింది. అంత వయసున్న ప్రాణి ముందు కూర్చోవలసిందే.

ఇక అది మీ డాబా మీద ఎందుకు రాదో చెబుతాను. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. దేవరకొండకూ మీరు నిలబడిన చోటుకూ ఈ లెక్కన పాతిక డిగ్రీల దాకా తేడా. మన దగ్గర మేలో 44, 45 డిగ్రీలు మామూలే. అయితే పగటి ఎండ ఒక్కటే దాన్ని చంపదు. అసలు శత్రువు మన రాత్రి. మొక్క పగలు వెలుతురుతో తిండి తయారు చేసుకుని, రాత్రి అందులో కొంత ఊపిరికి ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఖర్చు అంత పెరుగుతుంది. కొండమొక్క చల్లని రాత్రులకు అలవాటుపడి కొద్దిపాటి సంపాదనతో బతుకుతుంది. మన ఎండాకాలపు రాత్రుల్లో దాని ఖర్చు సంపాదనను దాటిపోతుంది. మీరు నీళ్లు పోస్తూనే ఉంటారు, అది చిక్కిపోతూనే ఉంటుంది. ఆ పైన తడి, వేడి కలిస్తే వేరు కుళ్లు తప్పదు.

మరి ఏసీ గది? చలి వస్తుంది కానీ వెలుతురు రాదు. ఆ ఎత్తున ఎండ ఎంత చురుకో మీరు చూశారు. కిటికీ లోంచి వచ్చే వెలుగు అందులో ఏ మూలకూ రాదు. దానికి చలికాలం కూడా కావాలి, అదీ మంచు కింద. మంచు దానికి గొంగడి. పైన గాలి సున్నాకు ఎంత కిందికి పోయినా, మందంగా కప్పిన మంచు అడుగున నేల సున్నా దగ్గరే ఆగుతుంది. ఇలాంటి కొండమొక్కల్లో చాలావాటికి వచ్చే ఏటి మొగ్గలు ముందు ఏడే తయారై ఆ గొంగడి కింద నిద్రపోతాయి. మంచు కరిగిన కొద్ది రోజుల్లోనే విచ్చుకుంటాయి. రెండు మూడు నెలల్లో పూత, కాయ, గింజ అన్నీ ముగియాలి కదా.

లండన్‌లోని క్యూ ఉద్యానవనం తెలుసు కదా, మొక్కల శాస్త్రానికి పెద్ద పీఠం. మనకంటే ఎంతో చల్లని ఊరది. అక్కడ కూడా కొండమొక్కల కోసం 2006లో ప్రత్యేకంగా ఒక గాజు ఇల్లు తెరిచారు. నేల కింద కాంక్రీటు సందుల్లో గాలిని తిప్పి చల్లబరిచి మొక్కల మీదికి వదులుతారు. అయినా ఆల్ప్స్ రాజు తోటల్లో పెంచడానికి మహా మొండి మొక్కగానే పేరు మోసింది. కాబట్టి మీ కుండీలో రాలేదని బాధపడకండి.

ఫ్రిజ్ మాట సగం నిజం. కొండ విత్తనాల్లో చాలావాటికి కొన్ని వారాలు తడి, చలి కలిసి తగిలితేనే నిద్ర వీడుతుంది. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్ కింది అరలో పెడతారు, ఫ్రీజర్‌లో కాదు. అలా మొలకెత్తించవచ్చు. కానీ మొలిచిన తరువాత దానికి ఎదురయ్యేది మన ఏప్రిల్.

ప్యాకెట్ గింజలు వేరే కథ. అవి తోటల్లో పెంచే రకం, మయోసోటిస్ సిల్వాటికా. యూరప్ అడవి అంచుల్లో పెరిగేది, అంత మొండిది కాదు. దానికి పదిహేను నుంచి ఇరవై డిగ్రీల చల్లదనం ఇష్టం, మీరు జూన్‌లో చల్లారు. మిగిలిన గింజలుంటే నవంబరు మొదటి, రెండో వారంలో మళ్లీ చల్లండి. సగం ఎర్రమట్టి, సగం మాగిన పశువుల ఎరువు, గుప్పెడు ఇసుక చాలు. గింజల మీద పలచగా మట్టి కప్పండి, చీకటిలో బాగా మొలుస్తాయి. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచండి. అదృష్టం బాగుంటే జనవరి చివర నాలుగు పూలు చూస్తారు. మార్చిలో అది పోతుంది, ఎంత గారాబం చేసినా ఆగదు.

ఆ పూలు పూస్తే ఒక తమాషా చూడండి. మొగ్గ గులాబీ రంగులో ఉండి విచ్చుకుంటూ నీలమవుతుంది. నడుమ వలయం మొదట పసుపుగా ఉంటుంది, పువ్వు ముదిరాక తెల్లబడుతుంది. కొత్త పూలేవో, పాతబడినవేవో పురుగులకు ఆ రంగే చెబుతుంది. అవి తెల్లవలయం పూలను వదిలి పసుపువలయం ఉన్నవాటి మీదికే వెళతాయి. భూతద్దం ఉంటే ఒకే గుత్తిలో రెండు రంగులూ కనిపిస్తాయి.

చీరకు అంటుకున్న ముళ్లగింజలు పూలలోయలో విరివిగా కనిపించే హకీలియావి కావచ్చు. అది మోకాలి దాకా పెరుగుతుంది, పువ్వు మాత్రం అదే పోలిక. ముల్లు చివర గాలంలా వంగి ఉందో లేదో భూతద్దంలో చూడండి. ఈ కుటుంబంలో సాధారణంగా ఒక్కో పువ్వుకు నాలుగు గింజలు కాస్తాయి. గింజ తీరు చూసే జాతులను విడదీస్తాం. వాటిని నాటకండి, ఒక కాగితానికి అంటించి తేదీ, చోటు రాసి దాచండి. మా కాలేజీలో పిల్లలతో అలాగే దాయించేవాణ్ణి.

చివరగా మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. ఆ కొండపువ్వు చుట్టం మీ ఊళ్లోనే ఉంది. వానలు పడ్డాక చేను గట్ల మీద, బీళ్లలో గరుకైన నూగుతో, తల నేలకు వంచుకుని లేత నీలం పూలు పూసే గువ్వగుత్తిని ఆమె చూసే ఉంటారు. అదీ బొరాజినేసి కుటుంబమే. ఎండిన కాయ విప్పితే అక్కడా నాలుగు గింజలే.

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. మా ఊరి గుట్ట మీద వానాకాలంలో విష్ణుక్రాంతం పూస్తుంది. అది కూడా చిన్నదే, నీలమే, రాళ్ల మధ్యనే ఉంటుంది. హిమాలయాల నీలిపూలకు అది చుట్టమవుతుందా? ఎత్తయిన కొండల మీద పూలు నీలంగా ఎందుకు ఉంటాయి?
– ఒక విద్యార్థి, అచ్చంపేట

జవాబు: బాబూ, రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. ఎత్తు వల్ల పువ్వు నీలం కాదు. ఆ కొండల మీద పసుపు, తెలుపు పూలు కూడా కొల్లలు. చెట్లు ఆగిపోయిన చోట, గడ్డి పొట్టిగా ఉన్న చోట నీలం మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే గుర్తుండిపోతుంది.

నీలానికి అసలు గిరాకీ తేనెటీగల దగ్గర. కార్ల్ వాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దం మొదట్లో రంగు కాగితాల మీద చక్కెర నీళ్లు పెట్టి, తేనెటీగలు రంగులను పోల్చగలవని నిరూపించాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. తేనెటీగలకు ఎరుపు ఆనదు, నీలం, అతినీలలోహితం బాగా ఆనుతాయి. చలికొండల మీద వాటి పని బంబుల్ జాతి తుమ్మెదలు చేస్తాయి. అవి రెక్కల కండరాలను వణికించి ఒంటికి వేడి పుట్టించుకుని, మామూలు తేనెటీగ కదలలేని చలిలోనూ ఎగురుతాయి. ఇంకా పైకి పోతే తుమ్మెదలు తగ్గి ఈగలే ఎక్కువవుతాయి. వాటికి పసుపు, తెలుపు చాలు.

రంగు ఎలా పుడుతుందో ఇంట్లోనే చూడవచ్చు. శంఖపుష్పం పూలు అయిదారు వేడినీళ్లలో వేయి, నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం పిండు, ఊదా రంగుకు తిరుగుతుంది. ఆంథోసయనిన్ వర్ణకాల గుణమది, పులుపును బట్టి రంగు మారుతుంది. మొగ్గలో గులాబీగా ఉన్న పువ్వు విచ్చుకునేసరికి నీలం కావడంలోనూ కణరసంలో పులుపు తగ్గడానికి పాత్ర ఉంది. అన్నట్టు, శంఖపుష్పాన్నే విష్ణుక్రాంతం అనేవారు కొందరున్నారు. నువ్వు చెప్పింది నేల మీద పరుచుకునే చిన్న మొక్క, ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. శంఖపుష్పం తీగ, అది చిక్కుడు కుటుంబం.

విష్ణుక్రాంతం కుటుంబం మరొకటి. తూటి, కందగడ్డ (చిలగడదుంప) దాని దాయాదులు. హిమాలయాల మొక్కకు రక్తసంబంధం లేదు. కానీ నీ కన్ను సరైన చోటే ఆగింది. ఈసారి గుట్ట ఎక్కినప్పుడు ఉదయం తొమ్మిది లోపు వెళ్లు, మధ్యాహ్నానికి పూలు ముడుచుకుంటాయి. బోర్లా పడుకుని చూడు. సన్నని కాడలు నలుదిక్కులా నేలను పట్టుకుని ఉంటాయి. ఆకు మీద పట్టు లాంటి నూగు, ఎండకు మెరుస్తుంది. పువ్వు చిటికెన వేలి గోరంత. మొక్కను లాగకుండా మొదలు దగ్గర మట్టి కొంచెం తొలగిస్తే కట్టెబారిన చిన్న వేరు మొదలు కనిపిస్తుంది. ఎండాకాలంలో పైనున్నదంతా మాడిపోయినా అది బతికి ఉంటుంది. తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. అక్కడ మంచు కింద ఆగేది ఒకటి, ఇక్కడ మే నెల ఎండ కింద ఆగేది మరొకటి. వేరు వేరు కుటుంబాలు ఒకే తిప్పలకు ఒకే ఉపాయం కనిపెట్టాయి. నేల పట్టుకోవడం, నూగు కప్పుకోవడం, సత్తువను వేరులో దాచుకోవడం. దీని మీద నువ్వు ప్రాజెక్టు చేస్తే ఎంత బాగుంటుంది! అచ్చంపేట నుంచి ఉమామహేశ్వరం ఎంత దూరమని? అక్కడి రాతి మీద పలచటి మట్టిలో సయనోటిస్ కూడా వెతుకు. దాని నీలి ఊదా పువ్వులో కేసరాల మీద కూడా నూగే.

వినాయక చవితి పత్రి ఇరవై ఒకటిలో విష్ణుక్రాంతం ఉంది. అదే వరుసలో దేవదారు కూడా ఉంది, అది హిమాలయాల చెట్టు. ఇక్కడ దొరకదు కాబట్టి ఆ పేరుతో వేరే ఆకు పెడతారు. అంత దూరపు చెట్టునూ మన చెలకలోని ఈ చిన్న మొక్కనూ ఒకే పళ్లెంలో పెట్టినవారికి నేను దండం పెడతాను.

నాకున్న దిగులు కూడా చెప్పాలి. ఎర్ర చెలకల గట్ల మీద గడ్డిమందు కొట్టడం ఎక్కువైంది, విష్ణుక్రాంతం గడ్డితో పాటే పోతోంది. మన జిల్లాల్లో ఎన్నో గుట్టలు క్వారీలయ్యాయి. గుట్ట పోతే దాని పగుళ్లలోని మొక్క ఎక్కడికి పోతుంది? అటు కొండల మీదా కష్టమే. యూరప్‌లో 302 శిఖరాల మీది మొక్కల 145 ఏళ్ల లెక్కలు పోల్చి 2018లో ప్రకటించారు. వేడి పెరిగేకొద్దీ కింది మొక్కలు పైకి ఎక్కుతున్నాయి, ఆ వేగం కూడా పెరుగుతోంది. శిఖరం మీద ముందే ఉన్న పొట్టి మొక్కలకు ఇంకా పైకి చోటు లేదు.

ప్రశ్న: పన్నెండేళ్లకోసారి పూసే నీలిపువ్వు హిమాలయాలదేనా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: కాదండీ. మీరంటున్నది నీలకురింజి, పడమటి కనుమల పొద. మున్నార్ వైపు కొండలు దానితో నిండిపోతాయి. పోయినసారి 2018లో పూసింది, మళ్లీ 2030లో.

ప్రశ్న: వచ్చే ఏడాది మా విశ్రాంత ఉద్యోగుల బృందం పూలలోయకు వెళ్లాలనుకుంటోంది. ఏ నెల మంచిది? ఏం చూడాలి? గుర్తుగా ఒక మొక్క తెచ్చుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, వనపర్తి

జవాబు: లోయ జూన్ మొదటి నుంచి అక్టోబరు చివరి దాకా తెరిచి ఉంటుంది. పూలకు జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా మంచి అదను. అది వానాకాలం కూడా, కొండచరియలు విరిగి దారి మూసుకుపోవడం మామూలే. కాబట్టి తిరుగు రైలుకు రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి. హరిద్వార్, జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్. అక్కడి నుంచి పుల్నా దాకా జీపులు, ఆపైన ఘంఘరియాకు నడక, లేదా గుర్రం. లోయలోకి మాత్రం నడకే, రాత్రి బస ఒప్పుకోరు. హేమకుండ్ నాలుగువేల మీటర్లకు పైన, ఊపిరి అందడం కష్టం. గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే ఎక్కాలి. మోకాళ్లు నొప్పిగా ఉన్నా నేను ఊతకర్రతో ఎక్కాను, దిగేటప్పుడే ఎక్కువ బాధపెడతాయి.

ఈ లోయ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడి వల్ల. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఆయన బృందం ఇటు దిగింది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆమె క్యూ ఉద్యానవనం తరఫున మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో ఇక్కడే కాలుజారి చనిపోయింది. ఆమె సమాధి లోయలో ఉంది, తప్పక చూడండి. 1982లో ఇది జాతీయ ఉద్యానవనం అయింది, 2005లో యునెస్కో జాబితాలో చేరింది.

మొక్క మాత్రం తేకూడదు. ఆకు కూడా తుంచకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. వేరు తెగితే అది దారిలోనే చస్తుంది. యాత్రా స్థలాల్లో కవర్లలో పెట్టి అమ్మేవాళ్లుంటే వాళ్ల దగ్గరా కొనకండి.

చూడవలసినవి చెబుతాను. హేమకుండ్ దారిలో రాళ్ల మధ్య ముళ్లున్న కాడ మీద నీలి గసగసాల పువ్వు, మెకనాప్సిస్. దాని రేకలు ఎంత పలచనంటే వెలుగు దూరి వస్తుంది. తడి గట్ల మీద పాకే సయనాంథస్, గొంతులో తెల్లని నూగు ఉంటుంది. గడ్డిలో దాక్కునే చిన్న జెంషియన్లు, మబ్బు పడితే ముడుచుకుంటాయి, కాబట్టి ఎండ ఉన్నప్పుడే వెతకండి. తలకు ముసుగు వేసుకున్నట్టుండే నీలి ఊదా పువ్వు కనిపిస్తే చేయి పెట్టకండి. అది వత్సనాభి జాతి, కొమ్మా వేరూ అంతా విషం.

వెంట పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి తీసుకెళ్లండి, మెడలో దారానికి కట్టుకోండి. వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో ఒక నోటుపుస్తకం, బాల్‌పెన్ను వద్దు, పెన్సిల్. చూసిన పువ్వు పక్కన ఎత్తు, తేదీ, రాతి మీదా తడిలోనా అన్నది రాయండి. తిరిగి వచ్చాక ఆ పుటల నకలు నాకు పంపితే, ఏ పువ్వేదో ఒక్కొక్కటిగా కలిసి తేల్చుదాం.